నేను చదివి వినిపించిన ఉత్తరం

గ్వావ్,
8 సెప్టెంబరు 1996, ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు అనెస్టా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, డాల్టనూ, మరదలు శెరిలా, వాళ్ళ పసిదీ ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ హడర్స్‌ఫీల్డ్ చలిలో నీ మోకాళ్ళు కాస్త నెమ్మదించి, నువ్వూ బాగున్నావనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన నెల ఇరవై రెండున చేతికందింది. జవాబుకు పదిహేడు రోజులు తీసుకున్నాను. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు కుట్టి కుట్టి మెడ వంగిపోయింది, అని రాయవచ్చు. అది అబద్ధం కాదు. కానీ ఆలస్యానికి కారణం అది కాదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటిగా చెప్తాను. అవును, పెరట్లో సీమపనస చెట్టు ఇంకా కాస్తోంది. గాలివానకు ఒక పెద్ద కొమ్మ విరిగి వంటింటి కప్పు మీద పడింది గానీ, రేకులు డాల్టన్ దగ్గరుండి మార్పించాడు. క్రిస్మస్‌కి నువ్వు వస్తున్నావని తెలిసినప్పటి నుంచి వీధిలో నాకు దారి లేదు. మార్కెట్టు దగ్గర చేపలమ్మే యూలా అయితే నన్ను ఆపి, "మీ అమ్మ ఇరవై ఒక్క ఏళ్ళకి వస్తోందటగా! నన్ను గుర్తుపట్టకపోతే మాత్రం చేపతో కొడతానని చెప్పు" అంది. గుర్తుపట్టు. నీతోపాటు జాజికాయల గిడ్డంగిలో కాయలు ఏరిన మనిషి. ఇప్పుడు పళ్ళు లేవు, నోరు మాత్రం అలాగే ఉంది.

నువ్వు పంపిన పెట్టుడు కాలు డాల్టన్ వాడుతున్నాడా అని అడిగావు. చర్చికి, పెళ్ళిళ్ళకు, ఓట్లు వేసే రోజుకు వాడతాడు. తక్కిన రోజుల్లో అది తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. "ఇంగ్లాండు కాలు కదక్కా, దీనికి మన ఎండ పడదు" అంటాడు. కర్ర పట్టుకునే తిరుగుతాడు. వెదురు చీల్చి చేపల బుట్టలు అల్లుతాడు. ఇక్కడి పడవలవాళ్ళే కాదు, పక్క ఊరు విక్టోరియా నుంచి కూడా వచ్చి పట్టుకెళ్తారు. వాడి బుట్టలో పడ్డ చేప బయటికి రాలేదని పేరు. సంపాదన తక్కువే అయినా ఎవరి ముందూ చెయ్యి చాచడు.

పసిదానికి నీ నుదురు వచ్చింది. ఏడిస్తే మాత్రం పడవ కొమ్ము ఊదినట్టే, అది ఎవరి పోలికో తెలియదు. "ఆ పేరు తప్ప వేరే పేరు దొరకలేదా" అని రాశావు. క్లోటిల్డ్ అని అమ్మమ్మ పేరు డాల్టనే పెట్టాడమ్మా. నేను అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పే హక్కు నాకు లేదు.

ఇక నీ ఉత్తరం చివరి పేజీ. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నువ్వు రాసిన మాటలు ఇవి: "నేను వచ్చినప్పుడు నన్ను మా అమ్మ సమాధి దగ్గరికి తీసుకెళ్ళకండి. నా కొడుకుని నాకు ఇవ్వనంది. ఇచ్చుంటే వాడికి ఇవాళ రెండు కాళ్ళు ఉండేవి. ఈ సంగతి వాడికి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆమె ఇంట్లో, ఆమె చేతి తిండి తింటూ పెరిగే పిల్లవాడికి ఆమె మీద విషం ఎలా పోస్తాను? ఆమె పోయాక కూడా నోరు రాలేదు. కానీ అనెస్టా, నీకు తెలుసు. ఆ జవాబు నీ చేతే రాయించింది. పన్నెండేళ్ళ పిల్ల చేత అంత మాట రాయించడానికి ఆమెకు మనసెలా ఒప్పిందో! నీ గుండ్రటి అక్షరాలు చూసి, పాపం నా తల్లి ఎంత ఏడుస్తూ రాసిందో అని నేను ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియదు."

నాకోసం నువ్వు ఏడ్చావు. ఆ మాట చదివిన రోజు ఒక పిల్లవాడి చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను.

అమ్మా, ఓగీస్ట్ మాస్టారు నీకు గుర్తుండే ఉంటారు. మన సందు మొదట్లో, పచ్చ తలుపుల ఇల్లు. నువ్వు వెళ్ళాక ఐదేళ్ళపాటు నీ ఉత్తరాలన్నీ అమ్మమ్మకు చదివి పెట్టింది ఆయనే, జవాబు రాసిందీ ఆయనే. సందులో సగం మందికి ఆయనే కళ్ళు. కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నువ్వు నవ్వుతూ రాసిన చోట నవ్వుతూ, బెంగగా రాసిన చోట ఆగి చదివేవారు. తమ్ముడూ నేనూ ఆయన మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం. నీ గొంతు ఎలా ఉండేదో మరిచిపోయిన డాల్టన్ ఒకసారి నన్ను అడిగాడు, "అక్కా, అమ్మది మాస్టారి గొంతేనా?" అని.

మన దీవిలో విప్లవం వచ్చి పాత ప్రభుత్వం కూలిన ఏడాది మేము సంతోషంగానే ఉన్నాం. అది దాచను. రేడియోలో ఆ ఉదయం ప్రకటన విని సందంతా రోడ్డు మీదికి వచ్చింది. బడిలో పుస్తకాలు ఉచితం, పాలు ఉచితం. మేము పాటలు పాడుతూ ఊరేగాం. కానీ మాస్టారు పాత ప్రభుత్వం మనిషి. నోరు ఊరుకునేది కాదు. రమ్ము కొట్టు దగ్గర కూర్చుని, "తుపాకి పట్టుకున్నవాడికి ఓటెందుకు వెయ్యాలి, వాడే మన ఓటు వేసేసుకుంటాడు" అన్నారట.

ఎనభై జనవరిలో ఒక పొద్దున పది గంటలకు జీపు వచ్చింది. అప్పుడాయన యూలా వాళ్ళ నాన్నకు ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఉత్తరం చదువుతున్నారు. వచ్చిన సైనికుల్లో ఒకడు ఆయన శిష్యుడే.

"లేవండి సార్, రావాలి" అన్నాడు.

"ఒక్క పేజీ ఉందిరా. ముసలాయన కొడుకు ఆపరేషన్ సంగతి. మధ్యలో ఆపితే ఆయన గతేం కావాలి?"

ఆ కుర్రవాడు తుపాకి దించి, పేజీ అయ్యేదాకా నిలబడ్డాడు. మాస్టారు చదివి, కాగితం మడిచి ముసలాయన చేతిలో పెట్టి, జీపెక్కారు. మళ్ళీ ఎనభై మూడు చివరిలోగాని బయటికి రాలేదు.

నీ ఉత్తరం తరవాతి నెలలో వచ్చింది. మాస్టారి ఇంటికి తాళం. అమ్మమ్మ వంటింటి మెట్టు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. చేతులు తుడుచుకోకుండానే, "ఒసే పిల్లా, నువ్వే చదువు. ఎవరో పరాయివాళ్ళ నోట వినడమెందుకు? ఇంత బడికి పంపింది ఇందుకేగా" అంది. ఆమె ముఖం ఎంత గర్వంగా ఉందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. డాల్టన్ సముద్రం ఒడ్డున ఆడుకుంటున్నాడు.

మొదటి పేజీ ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆసుపత్రి వంటగదిలో నీ పని, మంచు, కొత్త కోటు. పేజీ తిప్పాను. అక్కడ నువ్వు రాసిన మాటలు నాకు పొల్లు పోకుండా వచ్చు. "అమ్మా, ఒక్క బిడ్డకే అనుమతి దొరికింది. డాల్టన్‌ని పంపు. వాడు చిన్నవాడు, నన్ను పూర్తిగా మరిచిపోకముందే నా దగ్గరికి రావాలి. ఈస్టర్ అయ్యాక ఇక్కడున్న మన ఊరి విన్నీ అక్కడికి వస్తోంది, తిరుగు ప్రయాణంలో ఆమెతో పంపు. నువ్వు సరేనంటే టికెట్టు పంపుతాను. అనెస్టా తెలివైనది, ఎక్కడున్నా నెగ్గుకొస్తుంది. నీకూ తోడుంటుంది. ఈ సంగతి దానికి మాస్టారి చేత మెల్లగా చెప్పించు. ఒక్కసారిగా తెలిస్తే తట్టుకోలేదు."

అది నాకు ఒక్కసారిగానే తెలిసింది, అమ్మా. నేనే చదువుతున్నాను కదా.

"ఆగావేంటే? అక్షరాలు అలికేసిందా?" అంది అమ్మమ్మ.

అప్పుడు నేను చదివాను. కాగితం మీద కళ్ళు పెట్టి, నీ మాటల చోట నా మాటలు చదివాను. "ఈ ఏడాది కూడా పిల్లల్ని పిలిపించడం కుదరదు. అనుమతి ఇవ్వలేదు. ఇద్దర్నీ జాగ్రత్తగా చూసుకో." తడబడలేదు. మాస్టారిలాగే ఆగాల్సిన చోట ఆగి చదివాను.

అమ్మమ్మ చేతిలోని చేపను పళ్ళెంలో పెట్టింది. "సరేలే. దానికి మాత్రం చేతిలో ఉందా" అని మళ్ళీ పనిలో పడింది.

అక్కడితో ఆగి ఉంటే, చిన్నపిల్ల, బాధలో నోరు జారింది అనుకోవచ్చు. ఆదివారం నాడు ఆమె నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి జవాబు చెప్పింది. "అందరం బాగున్నాం. బెంగ పెట్టుకోకు. వచ్చే ఏడాదైనా చూడు. ముందు పిల్లవాణ్ణి పిలుచుకో, వాడు నిన్ను అడుగుతున్నాడు." ఆమె నోట వచ్చిన మాటలివి. నేను రాసింది వేరు. "డాల్టన్‌ని పంపను. ఇంట్లో మగపిల్లవాడు ఉండాలి. నువ్వు వదిలేసి పోయిన పిల్లల్ని నేను పెంచుకున్నాను, ఇప్పుడొచ్చి అడగడానికి నువ్వెవరు? మళ్ళీ అడగకు." ఆ 'వదిలేసి పోయిన' అన్న మాట గిడ్డంగిలో ఆడవాళ్ళు నీ గురించి అంటుండగా విన్నాను. రాసి, కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె ఎప్పటిలాగే నాలుక కొంచెం బయటపెట్టి, కింద తన గుర్తుగా ఒక చిన్న సిలువ గీసింది. పక్కన ఇంకో సిలువ గీసి, "అది ముద్దు" అంది నవ్వుతూ.

ఆ జవాబు అమ్మమ్మది కాదమ్మా. ఆమె నీకు నీ కొడుకుని ఎప్పుడూ కాదనలేదు. కాదన్నది నేను.

ఎందుకు చేశావని అడుగుతావు. తమ్ముణ్ణి విడిచి ఉండలేక అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అమ్మమ్మ ఒంటరిదవుతుందని కూడా చెప్పుకున్నాను. రెండూ నిజం కావు. నువ్వు వాణ్ణి ఎంచుకున్నావు, నన్ను ఎంచుకోలేదు. నాకు దక్కనిది వాడికి దక్కకూడదనుకున్నాను. అంతే. వాడు ఆ సాయంత్రం నాకోసం గవ్వలు ఏరి జేబు నిండా తెచ్చాడు.

తరవాత నువ్వు ఎనిమిది నెలలు రాయలేదు. అమ్మమ్మ రోజూ పోస్టుమేన్ వచ్చే వేళకు రోడ్డు మీదికెళ్ళి నిలబడేది. "నా కూతురికి ఏమైందో. మనం ఏమైనా తప్పు రాశామటే?" అని అడిగేది. లేదని తల ఊపేదాన్ని. చివరికి నీ దగ్గర నుంచి నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది, ఎంత కోపంగా రాశావో. అది కూడా నేనే చదివాను. నాలుగు లైన్లనూ పది ముద్దు మాటలు చేసి చదివాను.

ఆపైన పెద్దవాళ్ళకు చదువు చెప్పే తరగతులు మొదలయ్యాయి. చర్చి పక్క హాల్లో, సాయంత్రం ఐదింటికి. కోర్లెట్ అని పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంది. మన గుమ్మం దగ్గరికొచ్చి, "కామ్రేడ్ క్లోటిల్డ్, మీరూ రావాలి" అంది.

"కామ్రేడా? నీ బొడ్డు కోసినప్పుడు నేను పక్కనే ఉన్నానే! అవ్వా అంటే నీ నోరేం పోయింది?"

"సరే కామ్రేడ్ అవ్వా. వస్తారా రారా?"

అమ్మమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. వస్తానంది. "ఈ వయసులో ఎందుకమ్మమ్మా? కళ్ళు పోతాయి. నేనున్నాగా చదవడానికి" అన్నాను. ఒకరోజు ఆమె పలక దాచేశాను కూడా. "నువ్వు రేపు పెళ్ళి చేసుకుని పోతావు. నా కూతురి ఉత్తరాలు నేనే చదువుకోవాలి" అంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గిడ్డంగిలో రోజంతా కాయలు ఏరి వచ్చి, ముఖం కడుక్కుని, తలకు శుభ్రమైన గుడ్డ కట్టుకుని పరిగెత్తేది. ముందు తన పేరు నేర్చుకుంది. తరవాత నీ పేరు, ఇస్మే. ఆ తరవాత మా పేర్లు.

ఎనభై రెండు మే నెలలో ఒక ఆదివారం, భోజనాలయ్యాక, ఆమె బైబిలు కింద దాచుకున్న నీ ఉత్తరాలన్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను గిన్నెలు తోముతున్నాను. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతోంది. చాలాసేపటికి పిలిచింది.

"ఇలా రా. ఈ మాటేంటే?"

చూశాను. డాల్టన్ అని ఉంది.

"జనవరి" అన్నాను.

"జనవరా? నా మనవడి పేరు నాకు తెలీదనుకున్నావా? రోజూ పలక మీద రాస్తున్నాను. వాడి పేరు పక్కన 'పంపు' అని ఉంది. ఇక్కడ ఈస్టర్ అని ఉంది. ఇది విన్నీ పేరు." వేలు అక్కడే ఉంచి తలెత్తి నన్ను చూసింది. "ఇది నువ్వు నాకు చదవలేదు."

నా తడి చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను చెప్పిన జవాబులో ఏం రాశావు?"

చెప్పాను. అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె ఉత్తరాలను ఒక్కొక్కటిగా మడత పెట్టింది. "నేను సిలువ పెట్టింది దానికిందేనా?" అని మాత్రం అడిగింది. ఊఁ అన్నాను. ఆమె ఆ మడతల మీద చెయ్యి పెట్టింది. "ముద్దు కూడా పెట్టాను కదే."

మరునాడు కోర్లెట్ దగ్గర కాగితం అడిగి తెచ్చుకుని, తనే నీకు రాసింది. మూడు రోజులు పట్టింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. అది నీకు అందింది, నువ్వే నీ ఉత్తరంలో రాశావు: వంకర టింకర పెద్ద అక్షరాలు, "పిల్లవాణ్ణి ఆపింది నేను. తప్పయింది. ఇప్పుడు తీసుకో. పిల్లల్ని ఏమీ అడగకు" అని. ఆమె తన చేత్తో నీకు రాసిన మొట్టమొదటి ఉత్తరం అది. నా తప్పు మొయ్యడానికి ఆమె అక్షరాలు నేర్చుకున్నట్టయింది.

కవరులో పెడుతుంటే ఆ మాటలు చూసి, "నువ్వే ఆపావని ఎందుకమ్మమ్మా ఈ అబద్ధం?" అని ఏడ్చాను.

"నా మీద కోపమొస్తే అది నాకు ఉత్తరాలు మానేస్తుంది, అంతేగా. నీ మీదొస్తే నువ్వెక్కడికి పోతావే? ఉన్నది ఒక్క తల్లి. అదీ సముద్రం అవతల. నోరు మూసుకుని ఉండు." ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నా జడ వెయ్యడం మానలేదు. నా కంచంలో చేప ముక్క తగ్గలేదు.

నువ్వు మళ్ళీ ప్రయత్నించావు, తెలుసు. మొదట అనుమతి ఇచ్చినప్పుడు ఎందుకు తెచ్చుకోలేదని కార్యాలయంలో వాళ్ళు అడిగి, కుదరదన్నారని రాశావు. ఆ ఉత్తరం అమ్మమ్మ తనే చదువుకుని, నేను భుజం మీదుగా చూస్తుండగానే పొయ్యిలో పెట్టింది.

ఎనభై మూడు అక్టోబరు నీకు తెలుసు, కానీ నేను చూసిన మేరకు చెప్తాను. ప్రధానమంత్రిని వాళ్ళ వాళ్ళే ఇంట్లో బంధించారని బడులన్నీ అట్టుడికిపోయాయి. ఆ బుధవారం పిల్లల్ని ఎక్కించుకుని లారీలు రాజధానికి పోతున్నాయి. డాల్టన్ యూనిఫారంతో లారీ వెనక వేలాడుతూ, "అక్కా, నేనూ పోతున్నా! విడిపించుకుని వస్తాం!" అని అరిచాడు. పదమూడేళ్ళవాడు. తిరునాళ్ళకు పోతున్నట్టు ఉంది వాడి ముఖం. ప్రధానమంత్రిని విడిపించి జనం చేరిన కోట మీద వాడుండగా, సైనికులు కాల్పులు మొదలుపెట్టారు. వెనకవాళ్ళు తోస్తుంటే గోడ మీద నుంచి దూకాడు. కాలు విరిగింది. ఎవరో ఒకావిడ వాణ్ణి తన ఇంట్లోకి ఈడ్చుకుంది. ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు గడప దాటితే కాల్చేస్తామని రేడియోలో చెప్పారు. ఆవిడకు తెలిసింది కట్టు కట్టడం, నీళ్ళు పట్టడం. ఇక్కడ అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుని ఆ నాలుగు రోజులూ విడవలేదు. నిద్రలో కూడా. ఒక్క మాట అనలేదు. "నీ వల్లే" అనడానికి ఆమెకు మించిన హక్కు ఇంకెవరికుంది? అనలేదు. కర్ఫ్యూ ఎత్తి, అమెరికా సైనికులు దిగి, వాళ్ళ డాక్టరు చూసేసరికి కాలు మోకాలి కిందిదాకా నల్లబడిపోయింది. తక్కినది నీకు తెలుసు.

తొంభై ఒకటిలో ఆమె మంచం పట్టినప్పుడు రోజూ అడిగేది, "ఇస్మే వస్తోందా?" అని. నువ్వు రానని రాసిన ఉత్తరం నా జేబులో ఉంది. విమానంలో చోటు దొరకలేదట, వచ్చే వారం వస్తుందట అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, "నువ్వు చదివితే అంతేలే" అంది. కోపంతో కాదు. నవ్వింది కూడా. రెండు రోజులకు పోయింది. సమాధి దగ్గర జనం, "కన్న కూతురు కూడా రాలేదు చూశారా, ఈ ముసల్ది దానికేం చేసిందో" అని గుసగుసలాడారు. నేను పువ్వులు పట్టుకుని పక్కనే నిలబడి విన్నాను. నోరు విప్పలేదు. పన్నెండేళ్ళప్పుడు చేసింది పిల్లచేష్ట అనుకున్నా, ఆ రోజు నాకు ఇరవై మూడేళ్ళు.

పోయిన సోమవారం డాల్టన్‌కి చెప్పాను. నీకు రాసేముందు వాడికి చెప్పాలనిపించింది. పెరట్లో వెదురు చీలుస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. వాడు కత్తి ఆపలేదు. అయిపోయాక కూడా రెండు బద్దలు చీల్చాడు.

"కాలు సంగతి వదిలెయ్యక్కా" అన్నాడు చివరికి. "లారీ నేనే ఎక్కాను. అక్కడ రెండు కాళ్ళతో ఉన్నవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు." కత్తి కింద పెట్టాడు. "అమ్మ నన్ను అడిగిందా?"

"అడిగింది."

"నా పేరే రాసిందా? నీ పేరు కాదు, ఎవరో ఒకర్ని అని కాదు, డాల్టన్ అని?"

"డాల్టన్ అనే రాసింది."

వాడి ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోయింది. "నేను ఏం చేశానో అనుకునేవాణ్ణి. నేను అల్లరి చేసేవాణ్ణని రానివ్వలేదేమో, నువ్వు తెలివైనదానివి కాబట్టి నిన్ను అడుగుతుందేమో, నన్ను మాత్రం వద్దనుకుందేమో అని. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి నాకు. కూతురు పుట్టింది. మొన్నటిదాకా అదే అనుకుంటున్నాను."

నేను దొంగిలించింది వాడి కాలనుకున్నాను, అమ్మా, ఇన్నేళ్ళూ. కాదు.

ఆ ఉత్తరం అడిగాడు. తెచ్చి ఇచ్చాను. చదువుకుని, "ఇక వెళ్ళక్కా" అన్నాడు. ఆరు రోజులైంది, నాతో మాట్లాడలేదు. నిన్న శెరిలా వచ్చి, "ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు వదినా. మీ మీద కోపమా అంటే తెలీదంటున్నాడు. అమ్మకు అంతా రాయమన్నాడు, ఒక్క ముక్క తగ్గినా తనే రాస్తానన్నాడు" అని చెప్పింది. అందుకే ఏదీ తగ్గించకుండా రాశాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించాల్సి వస్తుందని భయం. అమ్మమ్మ మీద నువ్వు పదహారేళ్ళు పెట్టుకున్న కోపం ఆమెది కాదు, నాది. దాన్ని ఏం చేసుకోవాలో నీ ఇష్టం. ఈ ఉత్తరం చదివాక నువ్వు రావడం మానుకుంటావేమోనని కూడా భయంగా ఉంది. మానుకోకు. నా కోసం కాదు.

విమానం దిగాక ముందు డాల్టన్‌ని చూడు. వాణ్ణి పేరు పెట్టి పిలువు, జనంలో అందరికీ వినపడేలా గట్టిగా పిలువు. నేను డాల్టన్ వాళ్ళ వెనక, కంచె దగ్గర నిలబడి ఉంటాను. పిలిస్తే ముందుకు వస్తాను. పిలవకపోతే, మీరందరూ ఇల్లు చేరేదాకా సామాను మోసుకుంటూ వెనకే నడుస్తాను.

ఇట్లు,
నువ్వు తెలివైనదని నమ్మిన నీ కూతురు,
అనెస్టా